పొద్దుటి చుక్కలు

ముప్పై ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేసినవాడికి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. మాది గుడ్డకు రంగు వేసే ఫ్యాక్టరీ. ఆవిరి లేకపోతే అక్కడ ఏ పనీ సాగదు. ఆ ఆవిరి పుట్టించే బాయిలర్‌కి కాపలా నేను. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆయన వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి మా హడావిడి చూసి తీరాలి. లోపల పేరుకున్న సున్నం గీకడం, కారుతున్న వాల్వులు మార్చడం, నీటిమట్టం చూపే గాజుగొట్టాన్ని అద్దంలా తుడవడం. గంటగంటకీ రిజిస్టరులో రాయాల్సిన అంకెలు మామూలు రోజుల్లో షిఫ్టు చివర ఒక్కసారే కూర్చుని రాసేసేవాళ్ళం. ఆ వారం మాత్రం గడియారం చూసి మరీ రాసేవాళ్ళం. ఆయన వచ్చి, చూసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళేవాడు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

ఇందులో మోసం ఉందని మాలో ఎవరికీ తోచేది కాదు. వచ్చినవాడికి కావలసింది చూపించి పంపడం కూడా పనిలో భాగమే అనుకునేవాళ్ళం. నా కళ్ళ దగ్గర కూడా అదే బుద్ధి చూపించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నలభై తొమ్మిదో ఏట పేపరు చదవడానికి కళ్ళజోడు కావాలని కంటి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ నా గడ్డం ఒక పీట మీద ఆనించి, కంటిలోకి లైటు వేసి, చాలాసేపు చూసింది. మా ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది.

"నీటికాసులండీ. గ్లకోమా అంటాం. కంట్లో ఒత్తిడి బాగా పెరిగింది. వెనకున్న నరం అప్పుడే కొంత దెబ్బతింది" అంది డాక్టరమ్మ.

"నాకు బాగానే కనిపిస్తోందండీ."

"దీంతో వచ్చిన చిక్కే అది. పక్కల నుంచి కొంచెం కొంచెంగా పోతుంది. చాలా దూరం పోయేదాకా బాగానే కనిపిస్తున్నట్టు ఉంటుంది. పోయింది ఇక తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన చేతిలో ఉంది. చుక్కల మందు రాస్తాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. జీవితాంతం."

జీవితాంతం అనే మాటకు మా ఆవిడ గుండెలో రాయి పడింది. నాకు మాత్రం ఏమీ పడలేదు. ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాలన్నీ చివరి వరుస దాకా గడగడా చదివినవాణ్ణి నేను. అలాంటివాడికి చూపు పోతోందంటే ఎవడు నమ్ముతాడు?

చుక్కలు మొదలుపెట్టాను. మంట. కన్ను ఎర్రగా చింతనిప్పులా అయ్యేది. అరగంటసేపు అంతా మసక. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కితే, ఎదురుగా గాజుగొట్టంలో నీటిమట్టం సరిగ్గా కనిపించేది కాదు. మా ఫిట్టరు ఒకడున్నాడు. నోరు తెరిస్తే మూయడు గనక అందరూ వాణ్ణి రేడియో అంటారు. "ఏం బావా, రాత్రి బాగా పట్టించినట్టున్నావ్!" అని పదిమందిలో అరిచేవాడు. జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. నాకు తల కొట్టేసినట్టయ్యేది. రెండు నెలలు ఓపిక పట్టాను. తర్వాత ఒకరోజు మానేశాను. ఏమీ కాలేదు. కన్ను తెల్లగా ఉంది, చూపు శుభ్రంగా ఉంది, రేడియో నోరు మూసుకున్నాడు. ఇంకోరోజు మానేశాను. అంతే, అలవాటైపోయింది.

కానీ మూడు నెలలకోసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి కదా. వెళ్ళే తేదీ క్యాలెండరులో మా ఆవిడ గుండ్రంగా చుట్టి పెట్టేది. ఆ తేదీకి వారం ముందు నుంచి నేను మహా భక్తుడిలా చుక్కలు వేసుకునేవాణ్ణి. రెండు పూటలా, టైము తప్పకుండా. ఆసుపత్రిలో కొలిస్తే ఒత్తిడి సరిగ్గా ఉండవలసిన చోట ఉండేది. ఇంటికొచ్చిన మర్నాడు సీసా మూత బిగించేసేవాణ్ణి.

ఇంతటితో ఆగినా కొంత నయం. డాక్టరమ్మ ఒక అట్ట ఇచ్చింది. రోజుకు రెండు గళ్ళు. చుక్క వేసుకోగానే గడిలో టిక్కు పెట్టాలి. ఆ అట్ట చూడగానే నాకు మా రిజిస్టరు గుర్తొచ్చింది. వెళ్ళే ముందురోజు ఫ్యాక్టరీలో కూర్చుని మూడు నెలల గళ్ళూ ఒక్కసారే నింపేవాణ్ణి. ఒకే పెన్నుతో రాస్తే దొరికిపోతామని మాకు అనుభవమే. అందుకని నల్లది కొంత, నీలంది కొంత. అక్కడక్కడా ఒక గడి ఖాళీగా వదిలేవాణ్ణి, నిజాయితీగా కనిపించాలని. సీసా నెలకల్లా ఖాళీ కాకపోతే మా ఆవిడకు అనుమానం వస్తుందని, స్నానాల గదిలో తలుపేసుకుని వాష్‌బేసిన్‌లోకి పిండేవాణ్ణి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇంతవరకూ వచ్చాక దాచేదేముంది?

డాక్టరమ్మ ఆ అట్టను చూసి మురిసిపోయేది. "అందరూ మీలా ఉంటే నాకు సగం పని తగ్గేదండీ" అంది ఒకసారి, బయట కూర్చున్న వాళ్ళకు కూడా వినబడేలా. మా ఆవిడ ఆ మాట చుట్టాలందరికీ ఫోను చేసి చెప్పింది. నేను కూడా ఛాతీ విరుచుకునే తిరిగాను.

అక్కడ ఇంకో పరీక్ష ఉండేది. చీకటి గదిలో గిన్నెలాంటి ఒక తెల్లటి మిషనులో తల పెట్టి, మధ్యనున్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట మిణుకుమని వెలుగు వస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. చూపు ఎంతమేరకు ఉందో దానితో తెలుస్తుంది. మొదటి ఏడాది చకచకా నొక్కేవాణ్ణి. రెండో ఏడాది వెలుగులు తక్కువ వస్తున్నాయనుకున్నాను. మిషను పాతబడిపోయిందని మా ఆవిడతో అన్నాను కూడా. మూడో ఏడాదికి, నొక్కడానికి ఏమీ లేక, మీట పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చోవలసి వచ్చింది.

డాక్టరమ్మ కాగితాలన్నీ బల్ల మీద పరిచి తల పట్టుకుంది. "ఒత్తిడి ఎప్పుడు చూసినా బాగుంది. మందు చక్కగా వాడుతున్నారు. అయినా ఎడమ కన్ను ఇంత వేగంగా ఎందుకు పోతోందో నాకు అంతుపట్టడం లేదు. బహుశా మీ నరానికి ఈ ఒత్తిడి కూడా ఎక్కువేనేమో. ఇంకా కిందికి దించాలి. ఆపరేషన్ తప్పదండీ."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. బల్ల మీద నా టిక్కుల అట్ట ఉంది. దాని పక్కన మా ఆవిడ చెయ్యి ఉంది. మొత్తం ఆసుపత్రిలో నన్ను మించిన పేషెంటు లేడని చెప్పుకుంటున్న మనిషి ముందు, నేను దొంగనని ఎలా చెప్పను? సరేనని తలూపాను.

కంట్లోని నీరు బయటికి పోయేందుకు ఒక చిన్న దారి చేశారు. వెయ్యి మందికి బాగానే పనిచేస్తుందట ఆ ఆపరేషన్. నాకు ఆ దారి మరీ ఎక్కువ పారింది. ఒత్తిడి పడిపోయి, కన్ను లోపల ముడతలు పడిందన్నారు. సరిచేయడానికి ఇంకో రెండుసార్లు లోపలికి తీసుకెళ్ళారు. చివరికి ఎడమ కంటికి మిగిలింది వెలుగు, నీడ, ముఖం దగ్గరికి తెచ్చుకుంటే నా వేళ్ళు. అంతే.

సెలవు అయిపోయాక డ్యూటీకి వెళ్ళాను. కుడికన్ను ఉంది కదా అని నా ధీమా. దానికీ పక్కచూపు తరిగిపోయిందని నేను లెక్కలోకి తీసుకోలేదు. మా బాయిలర్‌కి రెండు వైపులా నీటిమట్టం చూపే గాజుగొట్టాలు రెండు. కుడివైపుది చూశాను, నీళ్ళు బాగానే ఉన్నాయి. దాని కింది గొట్టం మూసుకుపోయి, నిన్నటి నీళ్ళే అందులో నిలిచిపోయాయని నాకు తెలియదు. ఎడమవైపుది ఖాళీగా ఉంది, అంటే బాయిలర్‌లో నీళ్ళు అడుగంటాయి. అది నాకు కనబడలేదు. రేడియో అటుగా వెళ్తూ చూసి, గట్టిగా ఒక్క కేక పెట్టి, నన్ను పక్కకు నెట్టి మంట ఆర్పేశాడు. ఇంకో పది నిమిషాలు పోయుంటే బాయిలర్ పేలిపోయేది. ఎప్పుడూ నోరు మూయనివాడు ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు టీ తెచ్చి చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.

మర్నాటి నుంచి నన్ను స్టోర్సులో వేశారు. నట్లు, బోల్టులు, చేతితొడుగులు అడిగినవాళ్ళకు అందివ్వడం. ముప్పై ఏళ్ళ బాయిలర్ మనిషికి అది ఎలా ఉంటుందో చెప్పలేను. పిలవకుండానే అందరూ జాలిపడి వచ్చి పలకరించేవాళ్ళు. అది ఇంకా నరకం.

ఇంట్లో మా ఆవిడ డాక్టరమ్మ మీద కత్తులు నూరుతోంది. "దేవుడిలాంటి మనిషి, ఒక్క పూట కూడా మందు మానలేదు. అలాంటివాడి కన్ను పోగొట్టింది మహాతల్లి. రేపు వెళ్ళి అందరి ముందూ కడిగేస్తాను. నా నోటి సంగతి ఆవిడకు తెలియదు" అంది. చీర మడతపెడుతూ అంది ఆ మాట. అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఏ పాపం తెలియని ఆ డాక్టరమ్మ పదిమందిలో మాట పడటం కళ్ళముందు కనిపించింది.

"నేను చుక్కలు వేసుకోలేదే" అన్నాను.

"ఎప్పుడు?"

"ఎప్పుడూ. వెళ్ళే ముందు వారం తప్ప."

చీర చేతిలోనే ఉండిపోయింది. వాష్‌బేసిన్ సంగతి కూడా చెప్పాను. అట్ట సంగతి చెప్పాను. ఆమె తిట్టలేదు. మంచం మీద కూలబడి, "మూడేళ్ళు" అంది. "నా పక్కనే ఉండి మూడేళ్ళు." ఆ రోజు ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు తినడం నాకు బాగా చేతనవును.

ఇద్దరం వెళ్ళి డాక్టరమ్మతో చెప్పాం. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మందు పనిచేయడం లేదనుకుని నేను కత్తి పట్టుకున్నానండీ. మందు అసలు కంట్లో పడనే లేదన్నమాట" అంది. గొంతు పెంచలేదు. తర్వాత ఆ నీలం, నల్ల టిక్కుల అట్టలన్నీ ఫైల్లోంచి తీసి చెత్తబుట్టలో వేసింది. "జరిగింది జరిగింది. ఇప్పుడు మీకు మిగిలింది ఒక్క కన్ను. నాకు నిజం చెబితేనే నేను ఏమైనా చేయగలను. అబద్ధానికి నా దగ్గర మందు లేదు."

అప్పటి నుంచి ఏడాదిన్నర అయింది. ఒట్టు, ఒక్క పూట కూడా తప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ మంచం మీద కూర్చుంటుంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటాను. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కిపట్టి రెండు నిమిషాలు ఉంటుంది, మందు గొంతులోకి జారకుండా. ఆ రెండు నిమిషాలూ ఆమె ఊపిరి కూడా మెల్లగా తీస్తుంది. ఇప్పుడు పొద్దుటివి రెండు రకాలు, మధ్యలో పది నిమిషాలు ఆగాలి. నేను ఇంట్లోంచి అయిదింటికే బయల్దేరతాను గనక అవి స్టోర్సులో నేనే వేసుకుంటాను. ఫోనులో అలారం మోగగానే బల్లకు తల ఆనించి వేసుకుంటాను. ఎవరైనా వచ్చి బోల్టులు అడిగితే ఆగమంటాను. రేడియో ఇప్పుడు నన్ను ఎర్రకళ్ళ గురించి ఏమీ అనడు. ఎవరైనా నవ్వితే వాళ్ళ మీదికి వెళ్తాడు.

నిజం చెప్పాలంటే ఈ ఏడాదిన్నర నేను ఒక్క మాట పట్టుకునే బతికాను. కన్ను పోయింది నా తప్పు వల్ల. తప్పు దిద్దుకున్నాను గనక ఈ కన్ను నిలుస్తుంది. మా ఆవిడ కూడా అదే నమ్మింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే చెప్పింది. "ఈయన సరిగ్గా వేసుకుని ఉంటే అసలీ గొడవే లేదు" అని నన్ను ఎత్తిపొడిచేది. ఆ ఎత్తిపొడుపు నాకు తియ్యగా ఉండేది.

మొన్న మళ్ళీ ఆ తెల్ల గిన్నెలో తల పెట్టాను. మధ్య చుక్కను కళ్ళు చిల్లులు పడేలా చూశాను. మీట మీద బొటనవేలు సిద్ధంగా ఉంది. వెలుగులు రావడం లేదు. మిషను మధ్యమధ్య చిన్నగా చప్పుడు చేస్తోంది, అంటే ఎక్కడో ఒక వెలుగు వచ్చి పోయిందన్నమాట. నాకు మాత్రం ఏమీ లేదు.

డాక్టరమ్మ కొత్త కాగితాన్ని ఆరునెలల కిందటి కాగితం పక్కన పెట్టింది. నాకు చూపించడానికి బాగా దగ్గరికి జరిపింది. చూపు పోయినచోట వేసే నలుపు మధ్యదాకా వచ్చేసింది. ఇంతకుముందు అరచేయంత ఉన్న తెలుపు ఇప్పుడు రెండు వేళ్ళంత ఉంది.

"చుక్కలు అసలు తప్పలేదా?" అంది. ఎంతో మెత్తగా అడిగింది, కానీ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "లేదండీ డాక్టరమ్మా. రాత్రివి నేనే వేస్తున్నాను. పొద్దుటివి ఈయన వేసుకున్నాక నాకు ఫోను చేసి చెప్తారు. ఒక్క పూట కూడా పోలేదు. నా మీద ఒట్టు."

డాక్టరమ్మ తలూపింది. "మీ మాట నమ్ముతాను. నమ్మాక నేను చెప్పాల్సింది ఒకటే ఉంది. చుక్కలు వేసుకోకపోతే ఇంకా తొందరగా పోయేది. అవి చేయగలిగింది చేస్తున్నాయి. కానీ నరం ముందే బాగా దెబ్బతింది, అది ఆగడం లేదు. ఈ కంటికి కూడా ఆపరేషన్ చేయాలి. ఆలస్యం చేయకూడదు. వచ్చే వారమే."

"ఎడమ కంటికి చేసిందేనా?" అంది మా ఆవిడ.

"ఇంచుమించు అదే. జాగ్రత్తలు ఎక్కువ తీసుకుంటాం. ఎడమకి అలా జరిగిందని దీనికీ జరుగుతుందని లేదు. జరగదని మాట ఇవ్వలేను."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఈ మధ్య ఏది చూడాలన్నా మొత్తం తల తిప్పాల్సిందే. రెండు వేళ్ళంత చోటులో ఆమె ముఖం పట్టింది. నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలిసిన ముఖం అది. కోపం తెలుసు, ఏడుపు తెలుసు, అలక తెలుసు. అందులో ఇప్పుడు ఏమీ లేదు. అన్నీ సరిగ్గా చేసినా పోతుందని తెలిసిన మనిషి ముఖం అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. "మరి మేం ఇంకేం చేయాలండీ?" అంది. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. డాక్టరమ్మ ఆపరేషన్ కాగితం ముందుకు లాక్కుంది. ఆ ఆపరేషన్ బల్ల, రెప్పను విడదీసి పట్టే ఆ మెత్తటి వేళ్ళు, వచ్చే వారం మళ్ళీ నా కంటి మీదికి వచ్చే కత్తి. ఇదే ఆఖరిది. ఇది పోతే ఆమె ముఖం ఇక ఏ కోపంలోనూ చూడలేను.

"తప్పాయండీ" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"పొద్దుటివి. స్టోర్సులో పనుంటుంది కదండీ. వేసుకోకుండానే వేసుకున్నానని ఇంటికి ఫోను చేసేవాణ్ణి."

"ఎన్నిసార్లు?" అంది డాక్టరమ్మ.

"నెలలో సగం రోజులు ఉంటాయేమో."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. నా పాత ఫైలు ఆవిడ ముందే ఉంది. నన్ను నమ్మడానికి ఆవిడకు ఏ కారణమూ లేదు. నా ఈ మాట నమ్మడానికి మాత్రం అన్ని కారణాలూ ఉన్నాయి. ఆపరేషన్ కోసం రాయబోయిన కాగితాన్ని పక్కకు నెట్టింది.

"అయితే ఇప్పుడే కంటిమీద చెయ్యి వేయను. ఒకసారి తొందరపడ్డాను, చాలు. ఇవే చుక్కలు సరిగ్గా వేయండి. మూడు నెలలు చూద్దాం. ఈసారి కూడా ఇలా చేస్తే మాత్రం నేను చేయగలిగింది ఉండదు."

మూడు నెలలు. ఆపలేకపోతోందని తెలిసిన మందుతో మూడు నెలలు. ఆ మాట వినగానే నేనేం చేశానో నాకు పూర్తిగా అర్థమైంది. వెంటనే నోరు తెరిచి, కాదండీ, ఇప్పుడు నేను చెప్పింది అబద్ధం అనొచ్చు. అంటే ఎవరు నమ్ముతారు? మొదటిది నిజమా, రెండోది నిజమా, మూడోది నిజమా అని ఆవిడ అడిగితే ఏం చెప్పను? అది ఒక సాకు. అసలు సంగతి వేరు. వచ్చే వారం కత్తి తప్పిందని నా ఒళ్ళంతా తేలికపడింది. అందుకే నోరు పెగల్లేదు.

తలుపు దాటామో లేదో మా ఆవిడ అందుకుంది. "మీకసలు బుద్ధుందా? మనిషేనా మీరు? రోజూ ఫోను చేసి వేసుకున్నానే, వేసుకున్నానే అని! నేను పిచ్చిదాన్నా?" ఆ వరండాలో బెంచీల మీద కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆమెకేం పట్టలేదు. గొంతు ఖంగున మోగుతోంది. ముఖం జేవురించింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. పది నిమిషాల కిందట శవంలా ఉన్న మనిషి మళ్ళీ మా ఆవిడైపోయింది. నేను కళ్ళు ఆర్పకుండా చూశాను.

మెట్ల దగ్గర నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టి దింపుతూ తిడుతూనే ఉంది. "రేపటి నుంచి నాలుగున్నరకే లేస్తాను. పొద్దుటివి కూడా నేనే వేసి పంపిస్తాను. ఆ రెండో చుక్కకి పది నిమిషాలు కుర్చీకి కట్టేసి కూర్చోబెడతాను. ఎందుకు ఆగదో నేనూ చూస్తాను. మీ ఒళ్ళు బద్ధకం వదిలిందంటే ఆ కన్ను ఎక్కడికీ పోదు. వింటున్నారా?"

"వింటున్నానే" అన్నాను.

"పోదు కదా?"

"పోదు" అన్నాను.